బోణీ కాని తాళ్ళ కొట్టు

రాయగడ బజారు వీధిలో ఎవరు కొత్తగా కొట్టు తెరిచినా మొదటి బేరం సూర్యకాంతమ్మే చెయ్యాలి. ముప్ఫై ఏళ్ళుగా నడుస్తున్న ఆనవాయితీ అది. ఆవిడ చేతి బోణీ పడితే కొట్టు నిలబడుతుందని అందరి నమ్మకం. ఆవిడ బోణీ చేసిన బట్టల కొట్టు రెండంతస్తుల మేడ అయింది. మందుల కొట్టు ముగ్గురన్నదమ్ములు పంచుకున్నా ముగ్గురూ దర్జాగా బతికేంత అయింది. ఆవిడ బోణీ చేసినా మూతపడ్డవి రెండో మూడో లేకపోలేదు గానీ వాటి ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తితే అది నమ్మకం ఎందుకవుతుంది?

కొత్త కొట్లనే కాదు, రోజూ పొద్దున్న ఆవిడ మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళి తిరిగొస్తుంటే షట్టర్లెత్తేవాళ్ళంతా పిలుస్తూనే ఉంటారు. ఓ చోట కొబ్బరికాయ, ఓ చోట సబ్బుబిళ్ళ, ఇంకో చోట పావుకిలో బెల్లం. అవసరం ఉన్నా లేకపోయినా ఏదో ఒకటి కొని, చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చి వచ్చేది. బోణీ దగ్గర గీచి గీచి బేరమాడకూడదు కదా. ఆ సబ్బుబిళ్ళలతో ఇంట్లో ఓ ట్రంకుపెట్టె నిండిపోయింది. ఆవిడకి ఆ పిలుపులంటే ఇష్టమే, కాదంటే అబద్ధం. ఆడపిల్లలిద్దరూ పెళ్ళిళ్ళై వెళ్ళిపోయేక వీధిలో తనకంటూ మిగిలిన గౌరవం అదొక్కటే.

ఆవిడ భర్త ఢిల్లీశ్వరరావుది వలిసెలనే నూనెగింజలు, చింతపండు, పసుపు టోకు వ్యాపారం. తాతల నాడు పార్వతీపురం వైపునుంచి బండి కట్టుకుని వచ్చి ఇక్కడ గోదాము వేసిన కుటుంబం. వర్తకుల సంఘానికి పన్నెండేళ్ళుగా అతనే అధ్యక్షుడు. మనిషి చెడ్డవాడు కాడు, కానీ బోణీ దగ్గర మాత్రం పట్టిన పట్టు విడవడు. తొలి బేరం అయ్యేదాకా కొట్లోంచి గానీ గోదాములోంచి గానీ ఇంట్లోంచి గానీ ఒక్క గింజ ఊరికే బయటికి పోకూడదు. పోతే దానివెంట లక్ష్మి కూడా పోతుంది. ముష్టివాడు వచ్చినా, పక్కింటివాళ్ళు చారెడు ఉప్పుకి వచ్చినా ఒకటే మాట, బోణీ అవలేదు, తరవాత రండి.

అలాంటి ఇంటి ఇల్లాలు, అంతటి మంచి చెయ్యి ఉన్న మనిషి, రెండువేల రెండో సంవత్సరం కార్తీకమాసంలో మొట్టమొదటిసారి ఒక కొట్టుకి బోణీ చెయ్యకుండా తప్పించుకుంది. మోకాళ్ళ నొప్పులని కబురు చేసింది. ఆ పూటే గుడి మెట్లన్నీ ఎక్కి దిగింది కూడా. మజ్జిగౌరమ్మ చూసింది, వీధీ చూసింది.

ఆ కొట్టు లక్ష్మణది. బస్‌స్టాండుకి తిరిగే మలుపులో రేకులు కప్పిన చిన్న గది. తాళ్ళు, గోనెసంచులు, వెదురు తట్టలు. లక్ష్మణ ఒకప్పుడు ఢిల్లీశ్వరరావు గోదాములోనే కలాసీ, పన్నెండేళ్ళు బస్తాలు మోసినవాడు. ఏడేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున ఆ గోదాము తాళం పగిలి పదకొండు బస్తాల వలిసెలు పోయాయి. ఆ కేసులో అతన్ని పట్టుకుపోయారు. ప్లీడరుని పెట్టుకునే స్తోమతు లేదు. జామీను నిలబడతామని ముందుకొచ్చిన మనిషి లేడు. వాయిదా మీద వాయిదా పడుతూ, శిక్షన్నది పడకుండానే కొండమీది జైల్లో ఆరేళ్ళు గడిచిపోయాయి. తాడు పేనడం అక్కడే నేర్చుకున్నాడు.

అతన్ని బయటికి తెచ్చింది కోరాపుట్‌లో ఉన్న ఒక సంస్థ. బెంగుళూరులో ఎవరో పాతకాలపు మిల్లు యజమానుల కుటుంబం, పెద్దాయన పేరుమీద ఒక నిధి పెట్టి, దిక్కులేక జైళ్ళలో మగ్గుతున్నవాళ్ళకి ప్లీడర్లని పెట్టమనీ, బయటికొచ్చినవాళ్ళు కాళ్ళమీద నిలబడేదాకా చూడమనీ ఈ సంస్థకి డబ్బు పంపుతోంది. సంస్థ ప్లీడరు కాగితాలు తిరగేసి సాక్ష్యమే లేదని వాదిస్తే జడ్జీగారు కేసు కొట్టేశారు. ఆ తరవాత కొట్టుకి సరుకు కూడా నిధిలోంచే వచ్చింది.

వీధికి ఇది నవ్వులాటైంది. జైలుకెళ్ళొచ్చినవాడికి కొట్టు పెట్టిస్తారట, ముందే తెలిస్తే మనమూ చెరో గోదాము పగలగొట్టి వెళ్ళొచ్చేవాళ్ళం కదా అని పాన్‌షాపు దగ్గర పరాచికాలు. కోర్టు వదిలేసిందంటే ఏమిటి, దొరకలేదనేగా అని కొందరు. ఎవరేమన్నా అందరూ సూర్యకాంతమ్మ వైపే చూశారు. ఆవిడ చేస్తే అందరూ కొంటారు. ఆవిడ మోకాళ్ళ నొప్పులన్న రోజునే ఆ కొట్టు సంగతి తేలిపోయిందనుకున్నారు. పోయింది వాళ్ళ గోదాము సొమ్మే కదా, ఆవిడకి తెలీదా అనుకున్నారు.

ఇదంతా ఒక ఎత్తు. లక్ష్మణ చేసినది ఇంకో ఎత్తు. కొట్టు తెరిచిన మర్నాడు కొండ దిగి వచ్చిన కోందు గిరిజనులు నలుగురు మేకలకి పలుపుతాళ్ళు కావాలని అడిగారు. బోణీ అవలేదని వాళ్ళని పంపించేశాడు. మూడోనాడు ఒక లారీ డ్రైవరు పెద్ద మోకు బేరమాడి డబ్బు చేత్తో పట్టుకుని నిలబడితే, అతన్నీ పంపించేశాడు. రోజూ పొద్దున్నే నీళ్ళు చల్లుకుని, అగరొత్తి వెలిగించి, సరుకు సర్దుకుని కూర్చుంటాడు. సాయంత్రం మూసుకుని పోతాడు. పదిహేడు రోజులు ఒక్క మూర తాడు అమ్మలేదు.

పదిహేడో రోజు మధ్యాహ్నం సత్యవేణి సూర్యకాంతమ్మ ఇంటికి వచ్చింది. సంస్థలో పనిచేసే అమ్మాయి. గుణుపురం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం, ముత్తాతలది శ్రీకాకుళం జిల్లా. వారానికి రెండు రోజులు కోరాపుట్ నుంచి రైల్లో వచ్చి రాయగడ పనులు చూసుకుని వెళ్తుంది. మాట సూటిగా ఉంటుంది, పెద్దవాళ్ళ దగ్గర కాస్త మెత్తబరుస్తుంది. ఆ రోజు మెత్తబరిచే ఓపిక కూడా అయిపోయినట్టుంది. ఇచ్చిన మజ్జిగ తాగకుండానే సంగతంతా చెప్పేసింది.

నిధి ఇచ్చేవాళ్ళు రేపు వస్తున్నారు. ఈ ఏడాది మొదటిసారిగా ముగ్గురికి సాయం చేశారు. ఒకడు నందపూర్ సంత దగ్గర సైకిళ్ళు బాగుచేసుకుంటున్నాడు. ఇంకొకడికి దామంజోడిలో టీకొట్టు, బాగానే సాగుతోంది. మూడోవాడు లక్ష్మణ. ఈ ముగ్గురినీ కళ్ళారా చూసి, బయటికొచ్చినవాళ్ళని ఊళ్ళు కలుపుకుంటున్నాయో లేదో తేల్చుకుని, వచ్చే ఏడాదికి డబ్బు ఇవ్వాలో మానాలో అప్పుడు చెప్తారు. జైల్లో ప్లీడరు కోసం ఎదురుచూస్తున్న పంతొమ్మిదిమంది పేర్లు సత్యవేణి సంచిలో ఉన్నాయి. అందులో ఒకడు కోడిపుంజు తగాదాలో లోపలికెళ్ళి నాలుగేళ్ళైన మనిషి. రేపు వాళ్ళొచ్చేసరికి ఇతగాడు గాంధీగారి బొమ్మలా కూర్చుని బోణీ అవలేదని చెప్తే, ఆ పంతొమ్మిదిమంది పని గోవిందా.

"నెత్తీ నోరూ బాదుకుని సెప్పేను పిన్నిగారూ. ఎవరికో ఒకరికి అమ్మీ, అదే బోణీ అనుకో అన్నాను. ఇనడు. అమ్మగోరి సెయ్యి పడితేనే అంటాడు. మీ సేతిమీద అంత నమ్మకం అతనికి. ఒక్క తాడు ముక్క కొంటే మీ సొమ్మేటి పోద్ది?" అంది సత్యవేణి.

సూర్యకాంతమ్మ లేచింది. చూస్తానులే అని పంపించింది. వీధంతా, ఈ పిల్లతో సహా, అది నమ్మకం అనుకుంటున్నారు. కాదని ఆవిడకి తెలుసు. లక్ష్మణ కూర్చున్నది చేతి కోసం కాదు. ఒక మాట కోసం కూర్చున్నాడు. ఆ మాట సూర్యకాంతమ్మ గొంతులో ఏడేళ్ళుగా అడ్డం పడి ఉంది.

ఏడేళ్ళ కిందటి ఆ తెల్లవారుజామున, గోదాము తాళం పగిలిందని ఇంకా ఎవరికీ తెలియకముందు, లక్ష్మణ వాళ్ళ పెరటి గుమ్మంలోకి వచ్చాడు. పెళ్ళాం బుల్లికి రాత్రే పురుడొచ్చిందనీ, ఆడపిల్లనీ, ఇంట్లో నూక గింజ లేదనీ చెప్పాడు. ముందు వాకిట్లో ఢిల్లీశ్వరరావు నీళ్ళు చల్లుకుంటూ స్తోత్రం చదువుకుంటున్నాడు. బోణీ అయ్యేదాకా ఆగమందామనే అనుకుంది సూర్యకాంతమ్మ. కానీ ఇద్దరు పిల్లల్ని కన్న ఆడది, పురిటి ఆకలి ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. వంటింటి పక్క కొట్టుగదిలో, కొట్టు గుర్తున్న గోనెలో అరబస్తా బియ్యం ఉంటే తనే ఓ చెయ్యి వేసి అతని భుజానికి ఎత్తింది. ఎవరికీ చెప్పకు, వెనకదారిన పో అంది.

గంట తిరక్కుండా గోదాము తాళం పగిలిందన్న కేక వినిపించింది. తన వల్లే అనుకుంది. బోణీ కాకముందు తను గింజ దాటించింది, వెనకే లక్ష్మి వెళ్ళిపోయింది. అలా జరగదని ఆవిడకి చెప్పేవాళ్ళెవరు? అడిగితే కదా చెప్పడానికి.

మధ్యాహ్నానికి పోలీసులు కలాసీల ఇళ్ళన్నీ వెతికి, లక్ష్మణ ఇంట్లో దొరికిన కొట్టు గుర్తున్న ఖాళీ గోనెసంచితోపాటు అతన్నీ పట్టుకొచ్చారు. బియ్యం అప్పటికే బుల్లి కుండలో పోసుకుంది. అమ్మగోరే ఇచ్చారని లక్ష్మణ చెప్పాడట. ఇనస్పెక్టరు అరుగుమీద నిలబడి నిజమేనా అని అడిగాడు. ఢిల్లీశ్వరరావు భార్య వైపు చూశాడు. ఇచ్చేనని చెప్తే మొగుడేమంటాడో, వీధేమంటుందో, ఆ మంచి చెయ్యి ఏమవుతుందో అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అప్పుడు ఆవిడ అబద్ధం కూడా చెప్పలేదు. "బోణీ అవకముందు మా ఇంట్లోంచి గింజైనా బయటికెళ్ళదండి," అంది.

అంతే. అది అందరికీ తెలిసిన మాటే. ఇంకెవరూ ఏమీ అడగలేదు. లక్ష్మణ ఒక్కసారి ఆవిడ మొహంలోకి చూసి తల దించుకున్నాడు. ఆ తరవాత ఆ సంగతి ఎవరి దగ్గరా మళ్ళీ ఎత్తలేదని ఆవిడ విన్నది. నాలుగు రోజుల్లో వదిలేస్తారులే అనుకుంది. నాలుగు నెలలైంది, నాలుగేళ్ళైంది. ఆ వలిసెలు ఎవరు పట్టుకుపోయారో ఇప్పటికీ తెలీదు. మధ్యలో రెండుసార్లు చెప్పబోయింది. ఒకసారి పెద్దపిల్ల పెళ్ళిసంబంధం వచ్చింది, ఇంకోసారి ఆయనకి గుండెనొప్పి వచ్చింది. చెప్పకూడదనుకున్న మనిషికి సాకులు వాటంతటవే దొరుకుతాయి.

ఆ రాత్రి నిద్రపట్టని సంగతి వేరే చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి ఆవిడకి ఒకటి మాత్రం తేలింది. ఊరికే వెళ్ళి తాడు ముక్క కొనేసి రావచ్చు. మంచి చెయ్యి మంచి చెయ్యిగానే ఉంటుంది, కొట్టు నిలబడుతుంది, సత్యవేణి పంతొమ్మిదిమందికీ దారి దొరుకుతుంది. కానీ దొంగ అన్న పేరు మాత్రం అతని నెత్తిమీద అలాగే ఉంటుంది. నిజం చెప్తే ఆ పేరు పోతుంది. దాంతోపాటు తన చేతికున్న పేరూ పోతుంది, పేరు పోయిన చేతి బోణీతో ఆ కొట్టు ఎలా నిలబడుతుంది? ఎటు చూసినా ఏదో ఒకటి పోయేలాగే ఉంది. ఈ ముడి విప్పడం ఆవిడ వల్ల కాలేదు. లేచి స్నానం చేసి, గుడికి వెళ్ళకుండా తిన్నగా బజారుకి నడిచింది.

సంత రోజు కావడంతో వీధి అప్పటికే మేలుకుంది. షట్టర్లు లేస్తున్నాయి. పిన్నీ, అత్తా అని పిలుపులు మొదలయ్యాయి. ఆవిడ ఎక్కడా ఆగలేదు. ఎటు వెళ్తోందో అర్థమయ్యేసరికి పిలుపులు ఆగిపోయాయి, ఒకరి తరవాత ఒకరు కొట్లు దిగి వెనకే వచ్చారు. ఢిల్లీశ్వరరావు కూడా కొట్టు తాళంచెవులు చేత్తో పట్టుకునే వచ్చాడు. దొంగకి మా ఇంటి బోణీ ఏమిటని అడగడానికే వచ్చాడని ఆ నడకలోనే తెలుస్తోంది.

లక్ష్మణ లేచి నిలబడ్డాడు. ఏడేళ్ళకి జుట్టు సగం నెరిసింది. పక్కన బుల్లి గోనెసంచులు మడతపెడుతోంది. ఆవిణ్ణి చూసి మొహం అటు తిప్పుకుంది. సత్యవేణి గది గోడకి ఆనుకుని, రెండు చేతులతో సంచి పట్టుకుని ఉంది.

సూర్యకాంతమ్మ కొట్టు ముందు ఆగింది. భయమేసింది, సిగ్గూ వేసింది. ఇంకో నిమిషం ఆగితే వెనక్కి వెళ్ళిపోతానని తెలిసి, వెంటనే మొదలుపెట్టింది.

"లక్ష్మణ దొంగ కాడు. ఆ గోనె నేనిచ్చినదే. బుల్లి పురిటికి బియ్యం అడిగేడు, బోణీ అవకముందే నా సేతులతో ఎత్తి పంపించేను. ఇనస్పెక్టరు అడిగినప్పుడు నోరు రాక, మా ఇంటి ఆచారం సెప్పి తప్పించుకున్నాను. ఆరేళ్ళు ఇతను జైల్లో ఉన్నది నా మూలంగానే," అంది.

వీధి నోరెళ్ళబెట్టింది. ముందు మాట్లాడింది ఢిల్లీశ్వరరావు.

"బోణీ అవకముందే ఇచ్చేవా?" అన్నాడు.

ఒక మనిషి బతుకులో ఆరేళ్ళు పోయాయని వింటే అతని నోటికి ముందొచ్చిన మాట అది. సత్యవేణి కళ్ళెర్రజేసి ఏదో అనబోయింది. కానీ అతన్ని తప్పుపట్టి ఏం లాభం? ఏడేళ్ళ కిందట భార్య నోటికి ముందొచ్చినది కూడా అదే కదా. ఆ మాట పైకి వచ్చేసేక, దాన్ని తనే మళ్ళీ విన్నట్టు ఢిల్లీశ్వరరావు మొహం మాడిపోయింది. వెనుదిరిగి వెళ్ళిపోయాడు. జనం దారి ఇచ్చారు.

సూర్యకాంతమ్మ మళ్ళీ లక్ష్మణ వైపు తిరిగింది. "నువ్వు ఎదురుసూసిన మాట సెప్పేను. నన్ను తిట్టినా పడతాను. ఈ సెయ్యి మంచిది కాదురా. ఇంకెవరి సేతైనా బోణీ సేయించుకుని కొట్టు నడుపుకో," అంది.

లక్ష్మణకి ఆ మాటలు నిజంగానే కొత్తగా ఉన్నట్టున్నాయి. పేనిన తాడు చుట్ట ఒకటి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు.

"ఆ మాట మీరు సెప్తారని నాను కూకోలేదమ్మా," అన్నాడు. "అది మీ నోట వస్తాదని నాకు ఆశ పోయి శానా కాలమైంది. మీ సెయ్యి కోసరమే కూకున్నాను. ఆ పొద్దు మీరెత్తిన బియ్యమే మా బుల్లి రెండు నెలలు కాసుకు తాగింది. నన్నట్టుకుపోనాక కూడా ఆ కుండే తల్లినీ పిల్లనీ బతికించింది. మా అమ్మడికి ఏడేళ్ళు, రెండో కలాసు సదువుతంది. మరి నా ఎరికలో ఆ సేతి కన్న మంచి సెయ్యి ఏదున్నాది? అందుకే ఆ సేత్తోనే అవ్వాలనుకున్నాను."

సూర్యకాంతమ్మ కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి.

"కోపం లేదనుకోకండి. ఆరేళ్ళ కోపం, ఈ పొద్దుతో పోదు. అది వేరు, ఆ సెయ్యి వేరు. బోణీ సెయ్యండి," అన్నాడు లక్ష్మణ.

ఏడేళ్ళుగా ఆవిడ ఆ అరబస్తా బియ్యాన్ని తను చేసిన మొదటి తప్పుగా మోస్తోంది. దాని వల్లే దొంగతనం జరిగిందనీ, దాని వల్లే అన్నీ వచ్చాయనీ నమ్మింది. అది తప్పు కాదు. ఆ మొత్తం గొడవలో తను చేసిన ఒక్క మంచిపనీ అదే. తప్పు ఆ తరవాతిది. ఈ రెండింటినీ ఒక మనిషి విడదీసి చూపించేసరికి ఆవిడ గుండెమీదినుంచి బరువు సగం దిగిపోయింది. మిగతా సగం దిగదు, దిగకూడదని కూడా ఆవిడకి తెలుసు. అయినా ఊపిరి ఆడింది. ఏడేళ్ళలో అంత హాయిగా ఎప్పుడూ ఊపిరి ఆడలేదు.

ఎంత కావాలని అడిగింది బుల్లే. మొహంలో నవ్వు లేదు, కోపమూ కనపడనివ్వలేదు, వచ్చిన బేరాన్ని అడిగినట్టే అడిగింది. బావి చేదకి పన్నెండు మూరలు కావాలని చెప్పింది సూర్యకాంతమ్మ. బుల్లి తన మూరలతోనే కొలిచి, చివర ఒక జానెడు ఎక్కువేసి కోసింది. లక్ష్మణ ధర చెప్పాడు, ఆవిడ ఇచ్చింది. అతను ఆ డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు.

ఆ పైన వీధి ఏం చేసిందంటే, వీధులు చేసేదే చేసింది. బట్టల కొట్టాయన ఇంకా అలాగే తలాడిస్తూ నిలబడితే, మందుల కొట్టు అన్నదమ్ముల్లో నడిమివాడు ముందుకొచ్చి నాలుగు తట్టలు కావాలన్నాడు. పాన్‌షాపు దగ్గర పరాచికాలాడినవాడు మరీ గట్టిగా, నాకు ముందునుంచీ అనుమానమే, లక్ష్మణ అలాంటివాడు కాదని నేనెప్పుడో అన్నాను కదా అన్నాడు. ఎప్పుడన్నాడో ఎవరూ అడగలేదు. ఆపాటికి సంతకొచ్చిన కొండవాళ్ళు కూడా చేరారు. పదహారు రోజుల కిందట పలుపుతాళ్ళడిగిన కోందు ముసలాయన వచ్చి, ఈ పిచ్చివాడు ఇవాళైనా అమ్ముతాడా అని కొండవాళ్ళు మాట్లాడే దేశియాలో సత్యవేణిని అడిగాడు.

బెంగుళూరువాళ్ళు పదకొండింటికి జీపులో వచ్చారు. ఒక పెద్దావిడ, ఒక లెక్కల మనిషి. వాళ్ళొచ్చేసరికి లక్ష్మణ ఒకరికి మోకు కొలుస్తున్నాడు, ఇద్దరు నిలబడి ఉన్నారు. వ్యాపారం ఎలా ఉందని పెద్దావిడ హిందీలో అడిగింది. ఇవాళే బోణీ అయిందని నిజమే చెప్పాడు లక్ష్మణ. సత్యవేణి పేర్లున్న సంచిని గట్టిగా హత్తుకుంది. మరి ఇన్ని రోజులూ ఎందుకు అమ్మలేదని పెద్దావిడ అడిగింది. అతను చెప్పనవసరం లేకపోయింది. పక్కనున్న వీధంతా ఒకేసారి చెప్పడం మొదలుపెట్టింది, తెలుగులో, ఒడియాలో, వచ్చీరాని హిందీలో. సత్యవేణి ఒక్కొక్కరి మాటా సర్ది చెప్పేసరికి చెమటలు పట్టాయి. పెద్దావిడ అంతా విని, పుస్తకంలో ఏమీ రాసుకోకుండా మూసేసింది. జీపెక్కబోతూ, ఆ పంతొమ్మిది పేర్లూ సాయంత్రంలోగా నాకు ఇవ్వండి, ప్లీడర్ల సంగతి చూద్దాం అంది. జీపు మలుపు తిరిగాక సత్యవేణి గోనెసంచుల దొంతిమీద కూలబడి, ముందు నవ్వి, ఆ తరవాత బుల్లి ఇచ్చిన చెంబెడు నీళ్ళూ గటగటా తాగేసింది.

సూర్యకాంతమ్మ అప్పటికి ఇంట్లో ఉంది. వచ్చేదారిలో ఏ కొట్టువాడూ ఆవిణ్ణి పిలవలేదు. ఎదురైన ఒకరిద్దరు పలకరించాలో వద్దో తెలీక పక్కకి చూశారు. నొప్పి లేదంటే అబద్ధమే గానీ, ఆవిడ అనుకున్నంత నొప్పి లేదు. ఇంటికి వచ్చి వంట చేసింది. పప్పు, వంకాయ కూర, చారు. ఆయన వస్తాడో రాడో తెలీదు. అరిస్తే ఏం చెప్పాలో, పుట్టింటికి పొమ్మంటే ఎక్కడికి పోవాలో కూడా ఆలోచించుకుంది. ఈ వయసులో ఆవిడకి పుట్టింట్లో మిగిలింది ఒక మరదలు, ఆ మరదలికి ఈవిడంటే పడదు.

ఢిల్లీశ్వరరావు ఎప్పటివేళకే భోజనానికి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని పీటమీద కూర్చున్నాడు. ఆవిడ వడ్డించింది. పప్పన్నం తిన్నాడు, కూర కలుపుకున్నాడు. తను పెట్టిన కేసు, తను గుర్తుపట్టిన గోనె, తను సంఘంలో చెప్పిన మాటలు, అవన్నీ పొద్దుటినుంచీ అతనూ తిరగేసుకుంటూనే ఉన్నాడని ఆ మొహం చూస్తే తెలుస్తోంది. ఆవిడ చారు గిన్నె పట్టుకుని నిలబడింది.

"కేసు పెట్టింది నేను. రేపు సంఘంలో ఆ మాట నేనే సెప్తాను. ఆ తరవాత అతని దగ్గరికి నేనే ఎల్తాను," అన్నాడు చివరికి, కంచంలోంచి తలెత్తకుండా.

ఆవిడ సరేనంది.

అతను చారుకి అన్నంలో గుంట చేసుకున్నాడు.

"ఎంత బియ్యం ఇచ్చేవు ఆ రోజు?"

"అరబస్తా," అంది.

"పురిటిల్లు కదా. పసిపిల్ల, తల్లి," అన్నాడు ఢిల్లీశ్వరరావు. "అరబస్తా ఏటి సాలుద్ది? ఎలాగూ ఇచ్చినదానివి నిండుబస్తా ఇవ్వకపోయేవా."

సూర్యకాంతమ్మ చారు గిన్నె కింద పెట్టేసింది. ఏడేళ్ళ ఏడుపూ ఆ పీట పక్కనే చతికిలబడి ఏడ్చింది. అతను వద్దనలేదు. చారు తనే వంచుకుని, ఆవిడ ఏడ్చి తేరుకునేదాకా ఆ ముద్ద కలుపుతూనే కూర్చున్నాడు.